అప్‌డేట్: స్టీవీ వండర్ ఎల్‌పీలో నాలుగు పాటలు ఎందుకు లేవంటే

అమెరికన్ సింగర్ స్టీవీ వండర్ ఆల్బమ్ సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్‌ని ఎల్‌పీల్లో (పెద్ద వినైల్ రికార్డులు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, స్ట్రీమింగ్‌లో 21 పాటలుంటే నా రెండు రికార్డుల మీద 17 మాత్రమే ఉన్నాయేంటని అడిగా కదా, తేలిపోయింది. రిప్లై ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

"కవర్ లోపల చిన్న రికార్డు ఉందా చూడు" అన్నాయన చెప్పిందే కరెక్ట్. 1976లో రిలీజైనప్పుడు రెండు ఎల్‌పీలతో పాటు ఏడంగుళాల ఈపీ (కొన్ని పాటలే పట్టే చిన్న రికార్డు) ఒకటి ఇచ్చారు, సాటర్న్, ఎబొనీ ఐస్‌తో కలిపి మిగతా నాలుగు పాటలూ దాని మీదే. నా కాపీలో లిరిక్స్ బుక్‌లెట్ ఉంది గానీ ఈపీ లేదు, పాత ఓనర్ దగ్గరే ఎక్కడో పడిపోయుంటుంది. షాపాయన వేరే కాపీలోది తెచ్చిచ్చాడు. చిన్న సైజు చూసి నిమిషానికి 45 చుట్ల స్పీడ్‌లో పెట్టకండి, అది 33 చుట్ల స్పీడే, లేదంటే స్టీవీ గొంతు చిన్నపిల్లాడిలా వస్తుంది.

నకిలీ రికార్డేమో, పాటలు కట్ చేసిన ఎడిషనేమో అని కొందరన్న డౌట్లకి దీంతో సంబంధం లేదు. స్టీవీ అంతకుముందు ఆల్బమ్‌లు టాకింగ్ బుక్, ఇన్నర్‌విజన్స్ విన్నాకే దీనికి రమ్మన్నవాళ్ల మాట కూడా విన్నా, ఇన్నర్‌విజన్స్ దగ్గరే ఇంకా ఆగిపోయి ఉన్నా.