అప్‌డేట్: మురానో అనుకున్న గాజు గిన్నె ఎవరిదో తేలింది

చెన్నైలో పాత సామాన్ల దుకాణంలో కొన్న, అంచు చీర కుచ్చిళ్ళలా మడతలు తిరిగిన నీలిరంగు గాజు గిన్నె ఎవరి తయారీ అని నెల క్రితం అడిగాను; దుకాణదారు దాన్ని ఇటలీలో గాజు పనికి పేరుపడ్డ మురానో దీవి సరుకని చెప్పి అమ్మాడు. మీలో ఒకరి సలహా ప్రకారం గిన్నెను బోర్లించి, అడుగున కాస్త టాల్కం పౌడరు అద్ది, టార్చిలైటును పక్కవాటుగా పట్టి చూస్తే, ఇన్నాళ్ళూ గీరుడు అనుకున్న చోట కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ‘ఫెంటన్’ అన్న అక్షరాలూ, వాటితోపాటు ఆవగింజంత 8 అంకె కనిపించాయి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాకు చెందిన ఈ గాజు సామాన్ల సంస్థ 1905లో మొదలైనా, గాజులోనే ఈ ముద్ర వేయడం 1970లో ఆరంభించింది. 8 అంకె 1980ల దశాబ్దానికి గుర్తు కాబట్టి, నేను ముచ్చటగా ఊహించుకున్న వందేళ్ళ వయసు ఆవిరైపోయింది. గిన్నెపై నెమలి మెడలా మెరిసే పూత, వేడిగా ఉన్న గాజుపై లోహ లవణాలు చల్లడంతో ఏర్పడినది. పీచుతో తోమవద్దని మా అమ్మకు చెప్పేసరికి ఆవిడ ఒకసారి తోమేశారు. ముద్రను దుకాణదారుకూ చూపించాను. “ఫారిన్ అన్నది నిజమే కదండీ” అన్నాడు.