కోన్ అక్కాచెల్లెళ్ళ మ్యూజికల్: ఎట్టాకు ప్రేమపాట ఉండాలా, వద్దా?

తెరవెనక
మా చిన్న నాటక బృందం కోసం ఒక మ్యూజికల్ రాస్తున్నాను. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన కోన్ అక్కాచెల్లెళ్ళ కథ. వాళ్ళెవరో తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు: అక్క క్లారిబెల్ (1864–1929) డాక్టరు, పాథాలజీలో పరిశోధన చేసింది. చెల్లెలు ఎట్టా (1870–1949) ఇంటి వ్యవహారాలు చూసుకునేది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. అన్నలకు నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో బట్టల మిల్లులు. ఆ డబ్బుతో వీళ్ళు పారిస్ వెళ్ళి, జనం ఇంకా ఫ్రెంచ్ చిత్రకారుడు మటీస్ బొమ్మలు చూసి నవ్వుతున్న రోజుల్లోనే కొనడం మొదలుపెట్టారు. ఎట్టా పోయాక దాదాపు 3000 వస్తువులు బాల్టిమోర్ మ్యూజియానికి చేరాయి. అందులో 500 దాకా మటీస్‌వే.

ఇప్పుడు నా చిక్కు. రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ 1897లో వైద్యం చదవడానికి జాన్స్ హాప్‌కిన్స్‌లో చేరింది, కోన్ కుటుంబంతో బాగా దగ్గరైంది. తర్వాత పారిస్‌లో ఆమె 'త్రీ లైవ్స్' రాతప్రతిని ఎట్టాయే టైప్ చేసి పెట్టింది. 1907 సెప్టెంబరులో ఆలిస్ టోక్లస్ వచ్చింది, గెర్ట్రూడ్‌కు జీవితాంతం తోడైంది. ఎట్టా పక్కకు జరిగిపోయింది. ఎట్టా, గెర్ట్రూడ్‌ల మధ్య ఉన్నది ప్రేమేనని కొందరంటారు, అలా అనడానికి ఆధారం చాలదని ఇంకొందరంటారు. ఇంటర్వెల్ ముందు టైప్‌రైటర్ దగ్గర కూర్చున్న ఎట్టాకు ఒక ప్రేమపాట రాశాను. ఉంచమంటారా, తీసేయమంటారా?

ప్రేక్షకుడు
ఉంచండి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

సంధ్య_వ
తీసేయండి. మామూలు నాటకం అయితే నేనింత గట్టిగా చెప్పేదాన్ని కాదు. మాటల్లో సందేహానికి చోటుంటుంది. ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు, చూసేవాళ్ళు తేల్చుకుంటారు. పాట అలా కాదు. మన పద్యనాటకాల్లో ఆ పాత్ర నిజంగా అలా అన్నదా అని ఎవరైనా అడుగుతారా? రాగం తీసి పాడాడంటే అన్నట్టే, ఒన్స్ మోర్ కూడా. మీ పాట ఎంత బాగా కుదిరితే ఎట్టా అంత గట్టిగా ప్రేమించినట్టు లెక్క. సాక్ష్యం చాలని చోట వరస కట్టి సాక్ష్యం పుట్టించడమే ఇది.

పాతపుస్తకం
'టైప్ చేసి పెట్టింది' అని తేల్చేశారు కానీ అసలు సంగతంతా అక్కడే ఉంది. 1933లో గెర్ట్రూడ్ తన జ్ఞాపకాలను ఆలిస్ చెప్పినట్టుగా రాసింది కదా. అందులో ఉంది. రాతప్రతి చదవమని ఎట్టాకు చెప్పడం గెర్ట్రూడ్ మరిచిపోయిందట. గుర్తొచ్చి వెళ్ళి చూస్తే, అర్థం పొరపాటున కూడా బుర్రకెక్కకూడదని ఎట్టా అక్షరం తర్వాత అక్షరం చూసి కొడుతోందట. చదవచ్చని చెప్పాకే చదివిందట. మరి మీ పాటలో ఎట్టా ఆ పుస్తకంలోని మాటలు చూసి కరిగిపోతుందా? అలాగైతే పాట తప్పు. ఆమె ఇంకా చదవనే లేదు.

కావ్య_ఎం
పాతపుస్తకం గారూ, మీరు చెప్పిందే గొప్ప ప్రేమపాట అండీ. మనసిచ్చిన మనిషి రాసిన కాగితం చేతిలో ఉంది, అనుమతి లేదని కళ్ళు అర్థం మీద పడనివ్వకుండా అక్షరాలు మాత్రమే కొడుతోంది. ఇంతకన్నా ఏం కావాలి?

సంధ్య_వ
అది ఎగతాళి అండీ. ఎప్పుడో జరిగినదాన్ని అన్నేళ్ళ తర్వాత గెర్ట్రూడ్ ఆలిస్ గొంతుతో చెప్పుకుని నవ్వుకుంది. బాల్టిమోర్ వాళ్ళు మరీ సుకుమారమైన మర్యాదస్థులని అక్కడే ఒక చురక కూడా ఉంది. అదే పుస్తకంలో పికాసో చేతిలో డబ్బు లేనప్పుడల్లా ఎట్టాను తీసుకెళ్ళి వంద ఫ్రాంకుల డ్రాయింగులు కొనిపించేవాళ్ళమని కూడా ఉంది. ఎట్టా అంటే డబ్బున్న అమాయకురాలు, అంతే. ఆ చూపును మీరు ప్రేమకు ఆధారంగా పట్టుకొస్తున్నారు.

పాతపుస్తకం
ఎగతాళా కాదా అన్నది కాదు నా పాయింటు. చదివిందా, చదవలేదా?

మిల్లుగంట
ప్రేమ గొడవ సరే. ఆ మిల్లుల్లో డెనిమ్ నేసినవాళ్ళ సంగతేంటి? కంపెనీ ఇళ్ళలో ఉంటూ, కంపెనీ ఊళ్ళో బతికి, కంపెనీ సైరన్‌కు లేచినవాళ్ళు. మటీస్‌కు డబ్బు కట్టింది వాళ్ళ చెమట. వాళ్ళకు ఒక్క పాటైనా ఉందా?

తెరవెనక
మిల్లు గురించి మొదటి సీన్‌లో ప్రస్తావన ఉందండీ.

మిల్లుగంట
ప్రస్తావన. సరే.

పాతపుస్తకం
తెరవెనక గారూ, నిషిద్ధ ప్రేమే కావాలంటే ఆధారం ఉన్నది ఒకటుంది. బాల్టిమోర్ రోజుల్లో గెర్ట్రూడ్ మే బుక్‌స్టేవర్ అనే అమ్మాయిని ప్రేమించి దెబ్బతింది. 1903లో దాన్నే చిన్న నవలగా రాసి పక్కన పెట్టేసింది. గెర్ట్రూడ్ 1946లో పోయింది, ఆ నవల అచ్చయింది 1950లో. దాని మీద ఎవరికీ అనుమానం లేదు.

కావ్య_ఎం
చూశారా! ఆ కాగితాలు ఎవరో ఒకరు పారేసి ఉంటే? ఈరోజు ఇదే సంధ్య గారు మే బుక్‌స్టేవర్ విషయంలో కూడా "సాక్ష్యం చాలదు" అనేవారు. దాచుకోక తప్పని ప్రేమను ఋజువు చూపించమనడం ఎలాంటి న్యాయం? ఆ రోజుల్లో ఇద్దరు ఆడవాళ్ళు ప్రేమించుకుంటే దాని పని ఆనవాళ్ళు లేకుండా చూసుకోవడమే. ఆనవాలు దొరకలేదని లేదనడం, దాచమన్నవాళ్ళ పక్షాన నిలబడటమే.

సంధ్య_వ
ఆధారం లేకపోవడమే ఆధారమైతే ఇక ఎవరి మీదైనా ఏ పాటైనా రాయొచ్చు. 1903లో ఇటలీలో క్లారిబెల్, గెర్ట్రూడ్, ఎట్టా ముగ్గురూ ఒకే టేబుల్ దగ్గర కూర్చున్న ఫోటో ఉంది. దాన్ని చూసి ముగ్గురి పాట రాస్తారా?

చిన్నోడు
ముగ్గురి పాట అయితే నేను కచ్చితంగా వస్తా 😀

కావ్య_ఎం
వెటకారం మీకు తేలిక. నాకు కాదు. మా మేనత్త పెళ్ళి చేసుకోలేదు. తనతో పాటు స్కూల్లో పనిచేసిన టీచరమ్మతో ఒకే ఇంట్లో బతికింది. అత్త పోయిన రోజు ఆవిడకు వాకిట్లో కుర్చీ వేశారు. లోపలికి రానివ్వలేదు. దినకర్మలు కాగానే ఇల్లు ఖాళీ చేయమన్నారు. అత్త ఉత్తరాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. మా నాన్నే తగలబెట్టాడు. రేపు నేను అత్త కథ రాస్తే మీలాంటివాళ్ళు వచ్చి ఆధారం అడుగుతారు. బూడిద చూపించనా?

ప్రేక్షకుడు
అయ్యో. బాధగా ఉందండీ.

మిల్లుగంట
కావ్య గారి బాధ నిజమే. కానీ ఎట్టాకు వాకిట్లో కుర్చీ వేసేవాళ్ళు ఎవరూ లేరు, ఆ ఇల్లే ఆమెది. అదీ మిల్లు డబ్బే.

కావ్య_ఎం
మిల్లుగంట గారూ, ఒక్కసారి ఆగుతారా.

తెరవెనక
కావ్య గారి మాటలు చదివాక పాట ఉంచాలనే అనిపిస్తోంది. నిజానికి రెండో అంకం అంతా దాని మీదే నిలబడింది. గెర్ట్రూడ్ దూరమయ్యాక ఎట్టా ఒంటరితనాన్ని బొమ్మలతో నింపుకుంటుంది. ఒక్కో గోడ నిండుతుంటే అదే వరస మళ్ళీ మళ్ళీ వస్తుంది. చివర్లో గోడలన్నీ నిండిపోతాయి, ఆమె మాత్రం ఒంటరి. క్లారిబెల్‌కు మాత్రం సరదా పాటలు.

సంధ్య_వ
ఇదన్నమాట సంగతి! ప్రియురాలు పోయింది కాబట్టి మటీస్‌ను కొంది. అంతేనా?

నా సంగతి చెప్తాను వినండి. నేను పెళ్ళి చేసుకోలేదు. చేసుకోవాలనిపించలేదు, అంతే. పాత గ్రామఫోను రికార్డులు సేకరిస్తాను. ఏ కంపెనీ ఏ ఏడాది ఎవరితో పాడించిందో నిద్రలో లేపినా చెప్తాను. ఇంటికొచ్చినవాళ్ళు ఆ అలమరాలు చూసి అనే మాట ఒక్కటే: "పాపం, కాలక్షేపానికి ఏదో ఒకటి ఉండాలిగా." ఒక బంధువైతే నన్ను ఎవడో మోసం చేశాడని కథ అల్లి పెళ్ళిళ్ళలో చెప్పుకుంటూ తిరిగింది. ఆడది ఒంటరిగా ఉండి ఒక పని మీద ప్రాణం పెడితే, దాని వెనక పోయిన మనిషి ఒకరుండాలి మీకు. ఆ మనిషి మగవాడైతే పాత కథ, ఆడదైతే కొత్త కథ. కథ మాత్రం అదే.

సరే, సంవత్సరాలు చూద్దాం. 1898లో అన్న మోజెస్ ఇంటి ముందుగది అలంకరించమని 300 డాలర్లు ఇస్తే ఎట్టా కర్టెన్లు కొనలేదు, థియడోర్ రాబిన్సన్ అనే అమెరికన్ చిత్రకారుడి బొమ్మలు ఐదు కొంది. అప్పటికి గెర్ట్రూడ్ బాల్టిమోర్‌లోనే చదువుకుంటోంది. ఎట్టాను వదిలి ఎవరూ ఎక్కడికీ పోలేదు. పికాసో డ్రాయింగులు, మొదటి మటీస్ కొన్నది కూడా ఆలిస్ రాకముందే. 1908లో మోజెస్ చనిపోయాడు. ఎట్టాను కుంగదీసిన చావు అది. మీ స్క్రిప్ట్‌లో అది ఉందా? ఆమె సేకరణకు ఒక పద్ధతి, పట్టు వచ్చింది 1929లో అక్క పోయాక. 1930లో మటీస్ స్వయంగా బాల్టిమోర్ వచ్చి ఆమెను కలిశాడు. 1935లో 'పింక్ న్యూడ్' వేస్తూ దశలవారీగా ఫోటోలు తీసి ఆమెకే పంపాడు. ఎందుకు పంపాడు? ప్రేమలో ఓడిపోయిన ఆవిడని జాలిపడా? ఆ మార్పులు చూసి అర్థం చేసుకోగల కళ్ళు ఆమెకున్నాయని. అప్పటికి టైప్‌రైటర్ ముచ్చట జరిగి ముప్పై ఏళ్ళు కావస్తోంది.

ఇక క్లారిబెల్‌కు సరదా పాటలా! 1926లో పారిస్ వేలంలో మటీస్ 'బ్లూ న్యూడ్' కొన్నది ఆవిడ. డాక్టరమ్మను జోకర్‌ను చేస్తారా?

కావ్య_ఎం
ఒక్క నిమిషం. అంటే మీ అభ్యంతరం ప్రేమపాట మీద కాదు. రెండో అంకం మీద.

సంధ్య_వ
మొదట్నించీ నేను చెప్తున్నది అదే.

కావ్య_ఎం
మొదట్నించీ మీరు చెప్పింది "తీసేయండి" అని. రెండో అంకం అలా ఉందని మీకిప్పుడే తెలిసింది.

సంధ్య_వ
పాట పెడితే రెండో అంకం అలాగే తయారవుతుందని నాకు తెలుసు. తయారైంది కూడా.

కావ్య_ఎం
రెండో అంకం నాకూ నచ్చలేదు. మా అత్త టీచరమ్మతో బతికింది, మంచి టీచరు కూడా. ఒకటి లేదు కాబట్టి రెండోది అని కాదు, రెండూ ఉన్నాయి. కానీ మీ లెక్కలో ఎట్టా గొప్ప సేకర్త అనిపించుకోవాలంటే ఆమెకు ప్రేమ ఉండకూడదు. అది కూడా ఆమె నుంచి ఒకటి లాక్కోవడమే. మీకు మీ బంధువు మీద కోపం. నాకు మా నాన్న మీద. ఎట్టా పాపం మనిద్దరి మధ్యలో ఇరుక్కుంది.

సంధ్య_వ
నేను ప్రేమ ఉండకూడదనలేదు. ఆమె చెప్పని మాట ఆమె నోట పెట్టొద్దన్నాను. ఉత్తరాలు తగలబెట్టడం ఘోరమే, ఒప్పుకుంటాను. కానీ ఉత్తరం రాయని మనిషి పేరు మీద ఉత్తరం రాయడం కూడా నాకు ఘోరమే. ఇందులో మీరూ నేనూ కలవం, వదిలేయండి.

పాతపుస్తకం
ఒక దారి చెప్తాను. పాట ఎట్టా నోట పెట్టకండి. ఈ కథలో మాట్లాడిందీ, రాసిందీ అంతా గెర్ట్రూడ్. అక్కాచెల్లెళ్ళిద్దరి మీద 'టూ విమెన్' అని ఒక మాటల చిత్రం కూడా రాసింది. టైపింగు సంగతి గెర్ట్రూడ్, ఆలిస్ కలిసి పాడుకోనీయండి, ఎగతాళిగానే. వాళ్ళు పాడుతున్నంతసేపూ ఎట్టా టైప్ కొడుతూ ఉంటుంది, నోరు విప్పదు. ప్రేమో కాదో చూసేవాళ్ళు తేల్చుకుంటారు. అక్షరం అక్షరం కొట్టాలి, మర్చిపోకండి.

సంధ్య_వ
ఇది ఒప్పుకుంటాను. ఎట్టాకు పాట కావాలంటే మటీస్ ఫోటోల దగ్గర పెట్టండి. ఏది మారింది, ఎందుకు మారింది అని చూస్తూ పాడాలి.

కావ్య_ఎం
నేను ఒప్పుకోను. మళ్ళీ ఆమెనే నోరు మూసుకుని కూర్చోబెడుతున్నారు. వాకిట్లో కుర్చీ కాకపోతే టైప్‌రైటర్ ముందు కుర్చీ.

తెరవెనక
నేను ఇలా చేద్దామనుకుంటున్నాను. రెండో అంకం మొత్తం తీసేసి కొత్తగా రాస్తాను, ఫోటోల పాటతో. మోజెస్ చావు వస్తుంది. క్లారిబెల్ వీలునామా కూడా వస్తుంది. సేకరణ ఎట్టాకు వదిలి, బాల్టిమోర్‌లో ఆధునిక కళ మీద ఆదరణ పెరిగితేనే అక్కడి మ్యూజియానికి ఇవ్వమంది కదా. సరదా పాటే కావాలంటే దాన్ని మించింది దొరకదు, అందులో జోకర్ ఊరు, డాక్టరమ్మ కాదు. టైప్‌రైటర్ పాట మాత్రం ఎట్టాదే. కావ్య గారి పక్షాన ఉంటున్నాను. ఆమె పాడుతుంది, కానీ గెర్ట్రూడ్ పేరు పాటలో ఎక్కడా రాదు. సంధ్య గారికి కోపం వస్తుందని తెలుసు.

సంధ్య_వ
వచ్చింది. అయినా చూడ్డానికి వస్తాను, ఆ ఫోటోల పాట ఎలా రాశారో చూడాలి.

మిల్లుగంట
మిల్లు పాట నేనే రాసి మీకు మెసేజ్‌లో పెట్టాను. పల్లవి, మూడు చరణాలు. కోరస్‌కు ఎనిమిది మంది చాలు.

తెరవెనక
మా దగ్గర మొత్తం నటులే ఐదుగురండీ.