పలాడియం పొరతో హైడ్రోజన్ గుర్తింపు: రీడింగు వెనక్కి సరిగా రావడం లేదు

ప్రశ్న:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గాజు పలకపై స్పట్టరింగ్ పద్ధతిలో 40 నానోమీటర్ల పలాడియం పొర వేసి, 4 శాతం వరకు హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్‌ను దాని మీదుగా పంపుతూ, పొర గుండా వచ్చే ఎర్ర లేజర్ కాంతిని కొలుస్తున్నాను. హైడ్రోజన్ పెరిగేకొద్దీ కాంతి పెరుగుతోంది కానీ, తగ్గించేటప్పుడు గ్రాఫు అదే దారిలో వెనక్కి రావడం లేదు. పైగా పొర అంచుల్లో సన్నని పొక్కులు లేచాయి. లోపం నా తయారీలో ఉందా, లోహంలోనే ఉందా?

జవాబు 1:
ప్రధానంగా లోహంలోనే ఉంది. హైడ్రోజన్ అణువులు పలాడియం ఉపరితలంపై పరమాణువులుగా విడిపోయి లోపలికి చేరతాయి. గది ఉష్ణోగ్రత వద్ద, వాతావరణ పీడనంలో హైడ్రోజన్ 1, 2 శాతం ప్రాంతానికి వచ్చేసరికి లోహం హైడ్రోజన్ తక్కువగా ఉండే ఆల్ఫా దశ నుంచి, అది ఎక్కువగా ఉండే బీటా దశకు మారి, ఘనపరిమాణం దాదాపు 11 శాతం పెరుగుతుంది. గాజును అంటుకున్న పొర పక్కలకు సాగలేదు కనుక ఒత్తిడి పేరుకుని, పట్టు బలహీనంగా ఉన్నచోట పైకి లేస్తుంది. కొద్ది నానోమీటర్ల టైటానియం అడుగుపొర వేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

గ్రాఫు సంగతి వేరు. బీటా దశ నుంచి ఆల్ఫాకు తిరిగి రావాలంటే హైడ్రోజన్ పీడనం మరింత దిగాలి. దీనినే హిస్టెరిసిస్ అంటారు. ఒకే కాంతి విలువకు రెండు గాఢతలు కనిపించే పరికరాన్ని ఎవరు నమ్ముతారు? పలాడియంలో 25 నుంచి 30 శాతం బంగారం కలిపి చూడండి; ఆ ఎడం దాదాపు మాయమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
బంగారం కలిపితే సంకేతం బలహీనపడుతుందని చదివాను. అది నష్టం కాదా?

జవాబు 2:
నష్టమే, కానీ భరించదగినది. చిన్న సంకేతాన్ని మంచి డిటెక్టరుతో, లేజర్ ఒడిదుడుకులను సరిచేసే రిఫరెన్స్ కిరణంతో చదవవచ్చు. రెండర్థాల సంకేతాన్ని ఏ డిటెక్టరూ సరిచేయలేదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలాడియంకు బదులు టాంటలమ్ లోహపు పొరలతో ఎన్నో రెట్ల పీడన వ్యాప్తిలో హిస్టెరిసిస్ లేకుండా కొలవవచ్చని చూపారు. అయితే హైడ్రోజన్ అణువులను విడగొట్టడానికి దానిపై పలాడియం మిశ్రమపు పైపొర వేయక తప్పదు.

జవాబు 3:
ఆర్గాన్‌లో వచ్చిన కాలిబ్రేషన్‌ను గాలికి వర్తింపజేయవద్దు. గాలిలోని ఆక్సిజన్ ఉపరితలంపైనే హైడ్రోజన్‌తో కలిసి నీరుగా మారడం వల్ల స్పందన తగ్గుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఉంటే అది ఉపరితలానికి పట్టుకుని దారి మూసేస్తుంది. పీఎంఎంఏ పాలిమర్ పూత దీన్ని చాలావరకు అడ్డుకుంటుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దగ్గర మండే స్థితికి వస్తుంది కనుక, గాలితో పరీక్షలు 1 శాతం లోపే ఉంచి, వాయువు బయటికి పోయే గొట్టాన్ని ఫ్యూమ్ హుడ్‌లోకి పెట్టండి.