నెట్ ఇంగ్లీష్: నాలుగు నెలల్లో ఏది ముందు పట్టుకోవాలి?

ప్రశ్న (సాహితి_వరంగల్)
యూజీసీ నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే జాతీయ పరీక్ష) ఇంగ్లీష్‌కి నాలుగు నెలల టైముంది. సాహిత్య చరిత్ర చాసర్ నుంచి మొదలుపెడితే రెస్టొరేషన్ దాటేసరికి ముందు చదివింది గుర్తుండట్లేదు. పాత పేపర్లు చేస్తే క్రోనాలజీలో, లాంగ్వేజ్ యూనిట్‌లో మార్కులు పోతున్నాయి. థియరీ ఎంత లోతుకు చదవాలి? సెట్‌కి (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) వేరే ప్రిపరేషన్ కావాలా?

జవాబు (మూడో_బెంచి)
చాసర్‌తో మొదలుపెట్టడం దగ్గరే తేడా వస్తోందండీ. ఎంఏలో వ్యాసం రాయాలి కాబట్టి ఆ పద్ధతి నడుస్తుంది. ఇక్కడ పేపర్ 2 (మన సబ్జెక్టు పేపర్) అంటే 100 ప్రశ్నలు, 10 యూనిట్లు. నాటకం, కవిత్వం, నవల-కథ, వచనం అనే మొదటి నాలుగూ సముద్రం. బ్రిటిష్, అమెరికన్, ఇండియన్, ఆఫ్రికన్... ఎంత చదివినా ఇంకా మిగులుతుంది. తర్వాతి ఆరు యూనిట్లు చెరువులు, అవతలి గట్టు కనిపిస్తుంది. ముందు ఆ ఆరూ ముగించండి.

'ఇంగ్లీష్ ఇన్ ఇండియా' యూనిట్‌లో తేదీల వెన్నెముక ఒక కాగితంలో పట్టేస్తుంది. 1813 చార్టర్ చట్టం (విద్యకు ఏటా లక్ష రూపాయలు), 1835 మెకాలే మినిట్, 1854 వుడ్స్ డిస్పాచ్, 1857లో మూడు యూనివర్సిటీలు, 1964-66 కొఠారి కమిషన్, 1968లో త్రిభాషా సూత్రం. ఇంగ్లీష్ బోధనకు పెట్టిన మన హైదరాబాద్ సంస్థ (ఇప్పుడు ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) పేర్లు మారిన వరుస కూడా రాసుకోండి: 1958లో సీఐఈ, 1972లో సీఫెల్, 2007లో ఇఫ్లూ.

లాంగ్వేజ్ యూనిట్‌లో జతపరచడాలు (భాష నేర్పే పద్ధతి, దాన్ని తెచ్చినవారు) ఎక్కువ. సైలెంట్ వే గట్టెన్యో, సజెస్టోపీడియా లోజనోవ్, కమ్యూనిటీ లాంగ్వేజ్ లెర్నింగ్ కరన్, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ ఆషర్. కమ్యూనికేటివ్ కాంపిటెన్స్ అన్న మాట హైమ్స్‌ది. చామ్‌స్కీకి టిక్కు పెట్టి రెండు మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. బెంగళూరు ప్రాజెక్ట్ ఎన్.ఎస్. ప్రభుది. రీసెర్చ్ యూనిట్‌లో ఎంఎల్‌ఏ (ఆధార గ్రంథాల వివరాలు రాసే పద్ధతి) 9వ ఎడిషన్ (2021) చెప్పే తొమ్మిది కోర్ ఎలిమెంట్స్ వరుస నోటికి రావాలి.

థియరీలో మూల గ్రంథాలన్నీ చదవబోతే నాలుగేళ్లు పడుతుంది. ఒక్కో పదానికి ఎవరిది, ఏ వ్యాసంలో, ఏ ఏడాది అని మూడు గడులు గీసుకోండి. పోలిక ఉన్న పదాలు మాత్రం పక్కపక్కన రాయాలి. పాఠకుడి గురించిన మూడు పదాలు చూడండి: హొరైజన్ ఆఫ్ ఎక్స్‌పెక్టేషన్స్ యౌస్‌ది, ఇంప్లైడ్ రీడర్ ఈజర్‌ది, ఇంటర్‌ప్రిటివ్ కమ్యూనిటీస్ ఫిష్‌ది. విడివిడిగా చదివినప్పుడు మూడూ వస్తాయి, ఒకే ప్రశ్నలో పెట్టగానే కలగాపులగం అవుతాయి.

జవాబు (అచ్చుతప్పు)
క్రోనాలజీ సంగతి నేను చెబుతాను. వందల తేదీలు బట్టీ పట్టనక్కర్లేదు. ఒక నమూనా చూడండి, నాటకాల్ని వచ్చిన ఏడు ప్రకారం వరుసలో పెట్టాలి: ఏ) వే ఆఫ్ ద వరల్డ్ (కాంగ్రీవ్), బి) షి స్టూప్స్ టు కాంకర్ (గోల్డ్‌స్మిత్), సి) స్కూల్ ఫర్ స్కాండల్ (షెరిడన్), డి) బెగ్గర్స్ ఒపేరా (గే). ఆప్షన్లు ఏడీబీసీ, ఏబీడీసీ, డీఏబీసీ, ఏడీసీబీ. కాంగ్రీవ్ 1700, గే 1728, మిగతా ఇద్దరూ వాళ్ల తర్వాతే అని తెలిస్తే రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి. మిగిలిన పేచీ అంతా గోల్డ్‌స్మిత్ (1773), షెరిడన్ (1777) మధ్యే. అంటే నేర్చుకోవాల్సింది దగ్గర దగ్గరగా ఉన్నవాటినే. పమేలా 1740, జోసెఫ్ ఆండ్రూస్ 1742, క్లారిస్సా మొదలైంది 1747, టామ్ జోన్స్ 1749. మనవైపు అన్‌టచబుల్ 1935, కూలీ 1936, కాంతపుర 1938.

ఇంకో ఉచ్చు: రాసిన ఏడు వేరు, అచ్చయిన ఏడు వేరు. షెల్లీ 'డిఫెన్స్ ఆఫ్ పొయెట్రీ' రాసింది 1821, అచ్చయింది 1840. కార్లైల్ 'సార్టర్ రిసార్టస్' 1833-34లో పత్రికలో వచ్చింది. ఈ రెండూ ఒకే ప్రశ్నలో పడితే, అచ్చయిన ఏడు తెలియనివాళ్ల వరుస తలకిందులవుతుంది. సిడ్నీ 'అపాలజీ' 1595, 'ప్రెల్యూడ్' 1850, హాప్కిన్స్ కవితలు 1918, ఫార్‌స్టర్ 'మారిస్' 1971: నాలుగూ రచయిత పోయాకే వచ్చాయి. బజారు గైడ్లలో ఒకచోట రాసిన ఏడు, మరోచోట అచ్చయిన ఏడు వేస్తారు. ప్రశ్నలో 'పబ్లికేషన్' అన్న మాట ఉందేమో చూసి టిక్కు పెట్టండి.

సాహితి_వరంగల్
చాలా థాంక్సండీ. అన్ని సబ్జెక్టులవాళ్లూ రాసే పేపర్ 1 సంగతి? లెక్కలు చూస్తేనే గుండె దడ.

జవాబు (తర్కశాల)
జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కావాలంటే పేపర్ 1ని వదలకూడదు, మెరిట్ రెండు పేపర్ల మొత్తం మీదే. 50 ప్రశ్నలు, 100 మార్కులు. డేటా పట్టికలో శాతాలు, నిష్పత్తులు, సగటు వస్తే పని జరుగుతుంది. నంబర్ సిరీస్ రోజుకు పది చేయండి. అంతకుమించి లెక్కల్లోకి వెళ్లొద్దు.

భారతీయ తర్కం తెలుగువాళ్లకు ఉచితంగా వచ్చే మార్కులు. ప్రశ్నలో సంస్కృత పదాలు ఇంగ్లీష్ అక్షరాల్లో కనిపించి కంగారు పెడతాయి గానీ, తెలుగులో రాసుకుంటే అన్నీ తెలిసినవే. కొండ మీద పొగ ఉంది కనుక నిప్పు ఉంది: కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు, వంటిల్లు దృష్టాంతం. 'శబ్దం నిత్యం, పుట్టింది కనుక' అన్నారనుకోండి. పుట్టింది ఏదీ నిత్యం కాదు. హేతువే మాటకు అడ్డం తిరిగింది, కాబట్టి అది విరుద్ధ హేత్వాభాస (హేతువులా కనిపించే తప్పు హేతువు).

టైము: రెండు పేపర్లూ ఒకే విడతలో, 180 నిమిషాల్లో 150 ప్రశ్నలు, మధ్యలో విరామం ఉండదు. పేపర్ 1కి 60 నిమిషాలు దాటనివ్వొద్దు. పేపర్ 2లో చాలాసార్లు ప్యాసేజీలు చివర్న వస్తాయి. అక్కడికి చేరేసరికి కళ్లు మూతలు పడి, పేరా రెండుసార్లు చదవాల్సి వస్తుంది. మీకు అలా అవుతుంటే పేపర్ 2 ప్యాసేజీలతోనే మొదలుపెట్టండి, స్క్రీన్ మీద ఏ ప్రశ్నకైనా నేరుగా వెళ్లొచ్చు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. ఆఖరి ఐదు నిమిషాలు దానికే ఉంచుకోండి.

సెట్‌కి విడిగా చదవక్కర్లేదు, అదే పద్ధతి. తెలంగాణలో ఉస్మానియా, ఏపీలో ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తాయి. సెట్ అర్హత ఆ రాష్ట్రం వరకే, దాంతో జేఆర్‌ఎఫ్ రాదు.

జవాబు (మూడో_బెంచి)
ఒకటి మరిచాను. మాక్ టెస్ట్ రాశాక తప్పుల్ని యూనిట్‌వారీగా కాకుండా రకంవారీగా రాసుకోండి: తెలియక తప్పింది, రెంటి మధ్య తేల్చుకోలేక తప్పింది, ప్రశ్న సరిగ్గా చదవక తప్పింది. మూడో రకం ఎక్కువుంటే కొత్తగా ఏం చదివినా స్కోరు కదలదు. అసర్షన్-రీజన్ ప్రశ్నల్లో అదే జరుగుతుంది. రెండు వాక్యాలూ నిజమే అయినా, రెండోది మొదటిదానికి కారణం కాకపోవచ్చు. మధ్యలో 'ఎందుకంటే' పెట్టి చదివి చూడండి, అతకకపోతే తెలిసిపోతుంది.