పాత మందిరాన్ని ముల్గీలకు (కిరాయి దుకాణాలకు) ఇవ్వాలా, రోగుల వెంట వచ్చేవారికి ఇవ్వాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
అందరికీ వందనాలు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. కొత్త గుడిలోకి ఆరాధన మారిన తరువాత, బెంగళూరు పెంకులు, షాబాదు బండలు ఉన్న మా పాత మందిరం మూడేళ్లుగా తాళం వేసి ఉంది. వానలకు బలిపీఠం వెనక గోడ చెమ్మెక్కి సున్నం పెచ్చులుగా రాలుతోంది. రోడ్డు వైపు ముల్గీలు వేస్తే కిరాయి వస్తుందని కమిటీలో కొందరు అంటున్నారు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి పెద్దాసుపత్రికి వచ్చి, చెట్ల కింద సంచులు తలకింద పెట్టుకుని పడుకునే రోగుల బంధువులకు రాత్రి బసగా ఇవ్వాలని నా కోరిక. ఆరాధన జరిగిన చోట ఏ మతంవారైనా పడుకోవడం తగునా?

జవాబు (మెదక్ నుంచి):
తగునా అని అడగడమే నాకు వింతగా ఉంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మా మెదక్ గుడి, కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవారికి మిషనరీ పాస్నెట్ దొర పని చూపి తిండి పెట్టగా లేచిన కట్టడమని ఇక్కడ ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. బైబిల్లో హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో ఆతిథ్యమని మనం చదివే మాటకు మూలంలోని గ్రీకు పదం ఫిలోక్సెనియా, అంటే పరాయివారిపట్ల ప్రేమ. గుడిలో అందరం కలిసి తినే ప్రేమవిందులో మనవాళ్లకు మనమే వడ్డించుకుంటే ఆ పదానికి సరిపోదు.

జవాబు (ఖమ్మం నుంచి):
ముందు కాగితాలు చూడండి. సీఎస్ఐ గుళ్ల ఆస్తులు సాధారణంగా దాని ట్రస్టు అసోసియేషన్ పేరున ఉంటాయి కనుక, బసకైనా ముల్గీలకైనా పాస్టరేటు (మీ పాస్టరు కింది స్థానిక సంఘం) తీర్మానం ఒక్కటే చాలదు, డయాసిస్ (బిషప్ కింది ప్రాంతీయ సంఘం) అనుమతి కావాలి. కతోలికులకైతే వారి సంఘ చట్టంలో (కానన్ లా) 1222వ నియమం ఉంది: ఆరాధనకు పనికిరాని గుడిని బిషప్ లౌకిక అవసరాలకు విడిచిపెట్టవచ్చు, కానీ ఆ వాడకం నీచమైనది కాకూడదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ గుడి ఇప్పుడు పుస్తకాల దుకాణం. ఒకప్పుడు బలిపీఠం ఉన్న వైపు శిలువ ఆకారపు బల్ల చుట్టూ కూర్చుని కాఫీ తాగుతారు. ఇంగ్లండులో కొన్ని పాత గుళ్లలో డబ్బు తీసుకుని యాత్రికులకు రాత్రి పడక ఇస్తారు. కట్టడాలు నిలిచాయి, సంతోషమే; కానీ అది వ్యాపారం, మీరు అడిగేది వేరు.

జవాబు (కాజీపేట నుంచి):
అమ్మ వెంట నేను నలభై రోజులు ఆసుపత్రి వరండాలో ఉన్నాను, అన్నా. పడుకోవడానికి చాప ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనివి స్నానానికి చాటు, తడి చీర ఆరేసుకునే తాడు, ఫోను ఛార్జింగుకు ప్లగ్గు. ఒకసారి ఒక సత్రంలో చోటు దొరికింది కానీ తొమ్మిదింటికి గేటు వేశారు. రాత్రి రెండింటికి వార్డు నుంచి రక్తం కావాలని ఫోను వస్తే అరగంట తలుపు కొట్టాను. మందిరం ఇస్తే రాత్రంతా తాళం తీసే మనిషిని పెట్టండి, ఆడవాళ్లకు వేరే గది అడ్డుకట్టండి, వంట మాత్రం బయట షెడ్డులో. ప్రతి ఉదయం లేపి ప్రార్థనలో కూర్చోబెట్టకండి, ఇష్టమున్నవారు వస్తారు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి కాపలా సంగతి నాకు తట్టనే లేదు, అక్కా. ఆదివారం ఆరాధన తరువాత తాళం తీయించి, స్నానాల చాటు కోసం నల్లా నుంచి వెనక గోడకు పైపు ఎంత పడుతుందో కొలుస్తాను. కమిటీకి ఆ లెక్క, డయాసిస్‌కు రాసే ఉత్తరం కలిపే పెడతాను.