గవర్నెన్స్‌కి ‘పరిపాలన’ సరిపోతుందా?

(మాట్లాడేవాళ్లని వాళ్ల ఊరి పేర్లతోనే చూపించాం.)

అమలాపురం: కొబ్బరి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ డైరెక్టర్లకి తెలుగులో శిక్షణ పాఠం తయారవుతోందండి. లీడర్‌షిప్‌కి నాయకత్వం, మేనేజ్‌మెంట్‌కి నిర్వహణ అనుకున్నాం. గవర్నెన్స్ దగ్గర బండి ఆగింది. పరిపాలన అంటే తాసిల్దారు ఆఫీసు గుర్తొస్తోంది.

తణుకు: ‘పరి’ తీసేయండి, ‘పాలన’ చాలు. సొసైటీల్లోనూ పంచాయతీల్లోనూ ఎప్పట్నుంచో పాలకవర్గం అంటూనే ఉన్నాం కదా. ఆ వర్గం చేసే పనే పాలన. కాయ ధర ఏ పద్ధతిలో కట్టాలి, అప్పు ఎంతవరకు తేవచ్చు, సీఈఓగా ఎవర్ని పెట్టాలి అన్నవి పాలన కిందకొస్తాయి. దింపు (చెట్ల నుంచి కాయ దించడం), గ్రేడింగ్, లారీ లోడు, రైతు ఖాతాలో డబ్బు పడటం నిర్వహణ.

భీమవరం: ‘యాజమాన్యం’ వాడకూడదా మాస్టారూ? నీటి యాజమాన్యం, ఎరువుల యాజమాన్యం అంటున్నాం కదా.

తణుకు: పొలానికి సరే, సంస్థకి వద్దండి. కాలేజీ యాజమాన్యం అంటే జనానికి ఓనర్లే. ఇక్కడ ఓనర్లు వాటాలున్న రైతులు. గుళ్లలో చూడండి, ధర్మకర్తల మండలి వేరు, కార్యనిర్వహణాధికారి వేరు. మనకి ఈ తేడా కొత్త కాదు.

రాజోలు: చట్టం కూడా గీత గీసింది. 2020 సవరణతో కంపెనీల చట్టంలో చేరిన ఉత్పత్తిదారుల కంపెనీల అధ్యాయం ప్రకారం డైరెక్టర్లు 5 నుంచి 15 మంది. బోర్డు 3 నెలలకోసారైనా కూర్చోవాలి. సీఈఓ పూర్తికాలం పనిచేయాలి, కంపెనీ సభ్యుడై ఉండకూడదు. అంటే తన కాయకి తనే ధర కట్టుకోవడం కుదరదు. చెడేదెక్కడంటే, చైర్మన్ గారు రోజూ వచ్చి కాటా దగ్గర నిలబడతారు. అది అజమాయిషీ, పాలన కాదు. నెలాఖరున తూకంలో తేడా వస్తే సీఈఓని ఏ మొహంతో నిలదీస్తారు? ఆ తూకాలన్నీ ఆయన కళ్లముందు జరిగినవే.

రామచంద్రపురం: పాఠంలో దాళ్వా (రబీ వరి) నీళ్ల ఉదాహరణ పెట్టండి, ఇట్టే పట్టుకుంటారు. శివారుకి, అంటే కాలువ చివరి పొలాలకి, నీరందలేదు. వంతుల పట్టికే వెయ్యలేదా, పాలన లోపం. పట్టిక ఉంది గానీ లస్కరు (కాలువ నీళ్లు చూసే ఉద్యోగి) వేళకి తూము తలుపు ఎత్తలేదు, లేదా కాలువలో తూడు (నీటి కలుపు) తియ్యలేదు, అది నిర్వహణ లోపం. రెండూ సరిగ్గానే ఉన్నా ఎగువ రైతులు “మా చేలు తడిశాకే” అని మొరాయించారా, వాళ్లని ఒప్పించే మనిషి లేడన్నమాట. అది నాయకత్వం, దానికి పదవి అక్కర్లేదు. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట వెయ్యకుండా విరామం పాటించింది ఏ బైలా చెప్పిందనీ కాదు కదా.

రాజోలు: ఒప్పుకుంటాను గానీ, మొరాయించినవాడికి జరిమానా లేకపోతే అది మళ్లీ పాలన లోపమేనండి. అన్నీ పెద్దరికం మీద తోసేస్తే, ఆ పెద్దాయన మంచాన పడ్డ ఏడాది శివారు ఎండుతుంది.

రామచంద్రపురం: ఆయ్, అదీ నిజమే. జరిమానా నియమం పాలనలోకి, వసూలు నిర్వహణలోకి రాయండి.

అమలాపురం: మరి బోర్డుని ‘పాలకవర్గం’ అని మార్చేయమంటారా?

తణుకు: పాఠంలో మార్చండి. మినిట్స్‌లోనూ, బ్యాంకుకిచ్చే తీర్మానంలోనూ మాత్రం ‘డైరెక్టర్ల బోర్డు’ అనే ఉంచండి. కంపెనీ నియమావళిలో (ఆర్టికల్స్‌లో) ఒక పేరు, తీర్మానంలో ఇంకో పేరు కనిపిస్తే బ్యాంకువాళ్లు కాగితం వెనక్కి పంపేస్తారు.