బూట్ మెనూ 30 సెకన్లు కదలదు: గడువు తగ్గించాలా, బూట్ పార్టిషన్‌ను వేరు చేయాలా?

కొత్త_సర్వర్
మానిటర్ లేకుండా నడిచే మా ఉబుంటు సర్వర్ యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) ద్వారా బూట్ అవుతుంది. రూట్‌తో పాటు బూట్ డైరెక్టరీ కూడా ఎల్‌వీఎం (డిస్కు స్థలాన్ని సాఫ్ట్‌వేర్‌తో విభజించే పద్ధతి)లోనే ఉంది. బూట్ మెనూను చూపే ప్రోగ్రాం గ్రబ్. దాని గ్రబ్_టైమౌట్ విలువను 2 సెకన్లకు తగ్గించి, మార్పును అమలు చేసే అప్‌డేట్-గ్రబ్ ఆదేశాన్ని నడిపినా, రీబూట్ చేసిన ప్రతిసారీ మెనూ 30 సెకన్లు ఆగుతోంది. గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమౌట్ కూడా 2 చేస్తే సరిపోతుందని ఒకరన్నారు, అది లోపాన్ని కప్పిపుచ్చడమేనని మరొకరన్నారు. ఏది సరైనదో చెప్పగలరా?

పాత_టెర్మినల్
కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగాన్ని) లోడ్ చేసే ముందు గ్రబ్ తన గ్రబ్‌ఎన్వ్ ఫైల్‌లో రికార్డ్‌ఫెయిల్ విలువను 1గా రాసుకుంటుంది, సిస్టమ్ సవ్యంగా లేచాక ఒక సర్వీసు దానిని చెరిపివేస్తుంది, చెరగకుండా మిగిలితే కిందటి బూట్ విఫలమైందని భావించి మెనూను 30 సెకన్లు నిలుపుతుంది. అయితే గ్రబ్ ఎల్‌వీఎంను చదవగలదే గాని దానిలో రాయలేదు. గుర్తు పెట్టుకునే దారి లేనందున, యూఈఎఫ్‌ఐ యంత్రాలలో ఉబుంటు ప్రతి బూట్‌కూ ఆ 30నే వర్తింపజేస్తుంది. అప్‌డేట్-గ్రబ్ తయారుచేసే గ్రబ్.సీఎఫ్‌జీ ఫైల్ తెరిచి చూడండి, రికార్డ్‌ఫెయిల్‌ను నిలిపివేసినట్లు వ్యాఖ్య కనిపిస్తుంది. డీఫాల్ట్ గ్రబ్ ఫైల్‌లో గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమౌట్ వరుస మామూలుగా ఉండదు, మీరే చేర్చి 2 పెట్టాలి.

బూట్_వేరు
కారణం సరిగ్గా చెప్పారు, కానీ మందు నాకు సమ్మతం కాదు. గడువును 2కు దించితే, నిజంగా కెర్నెల్ చెడిన రోజున పాత కెర్నెల్‌ను ఎంచుకునే వ్యవధి కూడా పోతుంది. బూట్ డైరెక్టరీని మామూలు ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లోకి మారిస్తే గ్రబ్ రాయగలుగుతుంది, అప్పుడు విఫలమైన బూట్ తరువాత మాత్రమే మెనూ ఆగుతుంది.

పాత_టెర్మినల్
కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవారికి నేనూ అదే చెబుతాను. నడుస్తున్న సర్వర్‌లో, అదీ దూరం నుంచి, ఎల్‌వీఎంను కుదించి పార్టిషన్ చేయడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లే. పైగా మానిటరే లేని చోట ఆ 30 సెకన్లు చూసేదెవరు? ఉబుంటు పాత విడుదలలలో రికార్డ్‌ఫెయిల్ గడువు -1గా ఉండేది, అంటే బూట్ మధ్యలో కరెంటు పోతే, ఎవరో వచ్చి ఎంటర్ నొక్కేదాకా సర్వర్ అలాగే ఉండిపోయేది. ఇప్పటి ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లలో అదే గడువును 0గా పెట్టి ఇస్తున్నారు.

బూట్_వేరు
క్లౌడ్ యంత్రం చెడితే దాని డిస్కును మరో యంత్రానికి తగిలించి బాగుచేసుకోవచ్చు, గదిలో ఉన్న సర్వర్‌కు ఆ సౌకర్యం ఉండదు కదా. కొత్త_సర్వర్ గారూ, మీకు ఐపీఎంఐ కన్సోల్ (సర్వర్ తెరను, కీబోర్డును దూరం నుంచి వాడుకునే ఏర్పాటు) ఉందా? ఉంటే 2 బదులు 10 పెట్టండి, దూరం నుంచి మెనూను అందుకోవడానికి ఆమాత్రం వ్యవధి కావాలి. సీరియల్ కన్సోల్ అయితే కేబుల్‌లో వచ్చే అనవసర సంకేతాలను గ్రబ్ కీ నొక్కినట్లుగా తీసుకుని లెక్కింపును ఆపేయగలదు, అది కూడా పరీక్షించండి.

కొత్త_సర్వర్
ఐపీఎంఐ ఉందండి. ప్రస్తుతానికి 10 పెట్టి అప్‌డేట్-గ్రబ్ నడిపాను, మెనూ 10 సెకన్లకే ముందుకు సాగింది. పార్టిషన్ సంగతి తదుపరి ఇన్‌స్టలేషన్‌లో చూస్తాను.